నీళ్లు పాయింటులో లేవు

జనగామ దాటి వరంగల్ వైపు వెళ్తుంటే రఘునాథపల్లి మండలంలో రోడ్డుకు రెండు పక్కలా గుండ్ల గుట్టలు, వాటి కింద ఎర్రచెల్కలు, చెల్కల్లో బోరు మోటర్ల డబ్బాలు కనిపిస్తాయి. ఎండలు ముదిరాయంటే ఈ చెల్కల్లోకి బోరు బండ్లు దిగుతాయి. చాలావాటికి తమిళనాడు నంబర్లుంటాయి, తిరుచెంగోడు బండ్లు. అయితే బండి కంటే ముందు ఇంకొకాయన వస్తాడు. చెప్పులు విడిచి, పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మెల్లగా నడుస్తాడు. ఒకచోట కాయ నిలువుగా లేస్తుంది. వెనక్కి వెళ్లి మళ్లీ నడుస్తాడు, మళ్లీ అక్కడే లేస్తుంది. రైతు అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ అద్ది, పాయింటు దొరికిందంటాడు. ఆ క్షణం నుంచి ఆ ఇంటి అప్పు, ఆడపిల్ల పెళ్లి, రెండెకరాల వరి అన్నీ ఆ రాయి మీదే ఆధారపడి ఉంటాయి.

ఇది చదువురానివాళ్ల నమ్మకమని తోసేయడానికి లేదు. హైదరాబాద్‌లో అపార్టుమెంటు కట్టే బిల్డరు, ఊళ్లో బడి పంతులు, సెలవుకు అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బోరు దగ్గరికి వచ్చేసరికి అందరూ కొబ్బరికాయ వెనకే నడుస్తున్నారు. కొందరి చేతిలో వేప పంగకర్ర ఉంటుంది, కొందరి చేతిలో వంచిన రాగి తీగలుంటాయి. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాడికే కాయ లేస్తుందని ఒకరంటే, కాళ్లు ముందుగా పుట్టినవాడికే ఆ గుణం ఉంటుందని ఇంకొకరంటారు. ఈ మాటలన్నిటి అడుగున మూడు నమ్మకాలున్నాయి. భూమి లోపల నీళ్లు సన్నటి పాయలుగా పారుతుంటాయి. ఆ పాయ ఎక్కడుందో కొందరి ఒంటికి తెలుస్తుంది. నీళ్లు పడకపోతే ఇంకా లోతుకు పోవాలి. మూడూ తప్పే. మూడోది ప్రాణాలు తీసేంత తప్పు.

ముందు రాయి సంగతి. రఘునాథపల్లి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. తాజా గ్రానైటులో నీళ్లు నిలవడానికి చోటే ఉండదు. గుట్ట మీది గుండును పగలగొట్టి చూడండి, లోపలంతా పొడిగా, ఇనుములా గట్టిగా ఉంటుంది. మరి ఇన్ని వేల బోర్లలోకి నీళ్లెలా వస్తున్నాయి? హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనం ఎన్‌జీఆర్‌ఐ అని పిలిచేది, ఫ్రాన్సు భూవిజ్ఞాన సంస్థతో కలిసి 1999లో భూగర్భ జలాల కోసం ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఎంచుకుని, బోర్లలోకి యంత్రాలు దించి, ఏ లోతులో ఏ పగులు నుంచి ఎన్ని నీళ్లొస్తున్నాయో కొలిచారు. అదీ మన రాయే, అక్కడివీ వరి, బోర్లు, కరువులే.

అంతకుముందు చాలా పాఠ్యపుస్తకాల్లో ఒకటే మాట ఉండేది. భూమి పొరల కదలికల వల్ల గ్రానైటు అక్కడక్కడ నిలువునా పగులుతుంది, ఆ అరుదైన పగులు మీద బోరు పడితే అదృష్టం. బెన్వా దెవాందెల్, పాత్రిక్ లషసాన్య్, ఎన్‌జీఆర్‌ఐకి చెందిన ఎన్‌.ఎస్‌.కృష్ణమూర్తి తదితరులు 2006లో అచ్చువేసిన వ్యాసం ఆ చిత్రాన్ని మార్చేసింది. గ్రానైటులో నల్లగా మెరిసే అభ్రకపు రవ్వలుంటాయి కదా, వాన నీరు లక్షల ఏళ్ల పాటు దిగుతూ ఉంటే ఆ రవ్వలు ఉబ్బుతాయి. ఉబ్బిన రవ్వ చుట్టూ ఉన్న రాతిని నెడుతుంది. రాయి పాత గోడకు పెచ్చులు లేచినట్టు అడ్డంగా, పొరలు పొరలుగా పగులుతుంది. పైన పదిపదిహేను మీటర్లు మెత్తబడిన మొరం, దాని కింద ఈ అడ్డపగుళ్ల పొర. మొత్తం కలిపి మహేశ్వరంలో సుమారు 35, 40 మీటర్లు, అంటే 120 అడుగుల చుట్టూ. కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. ఆ అడుగున తాజా బండ.

ఈ పొర ఒక పాయ కాదు. ఊళ్లకు ఊళ్ల కింద పరుచుకుని ఉంటుంది, ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా, కొన్నిచోట్ల కొట్టుకుపోయి గుండు పైకి తేలి ఉంటుంది. నీళ్లున్నది ఇందులో. ఇవి ఎక్కడో హిమాలయాల నుంచి పాతాళగంగగా వచ్చినవి కావు, మొన్నటి వానాకాలంలో మన చెల్కల మీద, మన చెరువుల్లో పడిన నీళ్లే.

ఇప్పుడు కొబ్బరికాయ సంగతికి రండి. "అన్నా, నువ్వెన్ని చెప్పినా మా బాయికాడ ఆయన పెట్టిన పాయింటుల మూడించుల నీళ్లు పడ్డయి" అంటాడు రైతు. పడ్డాయి, నేనూ ఒప్పుకుంటాను. నీటి పొర ఊరంతా పరుచుకుని ఉన్నప్పుడు, వానలు బాగా కురిసిన ఏడాది, కళ్లు మూసుకుని రాయి విసిరిన చోట బోరు వేసినా చాలాసార్లు నీళ్లు పడతాయి. నీళ్లు చూసేటాయన గొప్పతనం తేలాలంటే అడగాల్సిన ప్రశ్న వేరు. కాయ లేవని చోట బోరు వేస్తే ఏమయ్యేది? ఈ ప్రశ్నకు ఏ ఊళ్లోనూ జవాబు లేదు, ఎందుకంటే కాయ లేవని చోట ఎవరూ బోరు వేయరు. పోల్చి చూడటానికి రెండో పళ్లెమే లేకుండా ఒక పళ్లెంలోని బరువును చూసి మనం తూకం తేల్చేస్తున్నాం. దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చి చెరువు నిండిన ఏడు ఆ చుట్టుపక్కల ఎండిన బోర్లు కూడా పోస్తాయి. ఆ ఏడు పాయింటు పెట్టినాయనకు పేరొస్తుంది. చెరువుకు రావాల్సిన పేరది.

పడని బోర్ల మాటేమిటి? పడ్డ బోరు ముచ్చట పెళ్లిలో, చావులో, చాయ్ హోటల్లో పదేపదే వినిపిస్తుంది. పడనిదానికి మాత్రం ఎప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. బండివాడు రెండడుగులు పక్కకు పెట్టాడు, మైల తగిలింది, ఇంకో యాభై అడుగులు పోతే పడేవి. నమ్మకం ఎన్నటికీ ఓడిపోకుండా కాపాడేవి ఈ సాకులే. ఓడిపోయే వీలే లేని మాటను రుజువైన మాట అనడం కుదరదు.

మరి కాయ ఎలా లేస్తుంది? చేతిలో కాయ పట్టుకున్న పెద్దమనిషి మోసం చేస్తున్నాడని నేను అనను. ఎక్కువమంది నిజాయితీగా నమ్మే చేస్తారు, కొందరు డబ్బు కూడా ముట్టరు. అరచేతిలో అడ్డంగా పెట్టిన కాయ ఎటూ స్థిరంగా ఉండదు, లోపల నీళ్లు కూడా కదులుతుంటాయి. వేలు వెంట్రుకవాసి వంగినా, మణికట్టు కొంచెం తిరిగినా అది లేచి నిలబడుతుంది. వంచిన రాగి తీగలూ అంతే, పిడికిలి కొంచెం వాలితే బరువుకు తిరిగిపోతాయి. పంగకర్రను బలంగా లాగిపెట్టి పట్టుకుంటారు కాబట్టి చేతులు కాస్త తిరగగానే అది కిందికి కొడుతుంది. ఆ కదలిక తన చేతిదేనని పట్టుకున్నవాడికి తెలియదు.

ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే దీన్ని తన మీద తానే పరీక్షించి తేల్చాడు. పాదరసం మీద దారం కట్టిన ఉంగరాన్ని వేలాడదీస్తే అది ఊగేది. మధ్యలో గాజు పలక పెడితే ఆగిపోయేది. ఇంకొకరైతే గాజు ఏదో శక్తిని అడ్డుకుంటోందని పుస్తకం రాసేవాళ్లు. ఆయన కళ్లకు గంత కట్టుకుని, పలక ఎప్పుడు పెడుతున్నారో ఎప్పుడు తీస్తున్నారో తనకు చెప్పొద్దన్నాడు. అప్పుడు పలకకూ ఊపుకూ సంబంధమే లేకుండా పోయింది. ఊగుతుందని, ఆగుతుందని తన మనసు అనుకుంటున్నదే చేతిలోకి దిగుతోందని 1833లో రాశాడు. నీళ్లు చూసేటాయనకూ అనుభవం ఉంటుంది. పల్లం ఎక్కడుందో, పక్క పొలంలో ఏ బోరు పోస్తోందో, ఏ చెట్టు ఎండలోనూ పచ్చగా ఉందో ఆయన కంటికి తెలుసు. కాయను లేపేది ఆ కన్నూ ఆ చేయీ. ఆ అనుభవాన్ని నేను గౌరవిస్తాను, కాయకు మాత్రం అందులో వాటా ఇవ్వను.

ఒకరిద్దరి మీద తేల్చిన సంగతి కూడా కాదిది. 1987, 88 సంవత్సరాల్లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ప్రభుత్వ డబ్బుతో పెద్ద పరీక్ష జరిగింది. సుమారు 500 మందిని పరీక్షించి, వాళ్లలో మేటి అనుకున్న 43 మందిని ఏరారు. రెండంతస్తుల కొట్టం, కింది అంతస్తులో నీళ్లు పారే గొట్టాన్ని పది మీటర్ల బారున ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుతారు, పై అంతస్తులో నడిచేవాడు అది ఎక్కడుందో చెప్పాలి. 843 సార్లు చేశారు. కొందరికి నిజంగానే శక్తి ఉందని పరీక్ష జరిపినవాళ్లు ప్రకటించారు. తర్వాత 1995లో అమెరికా శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్ అవే లెక్కలను తిరగేశాడు. 43 మందిలో 37 మందికి ఏ నేర్పూ కనిపించలేదు. మిగిలిన ఆరుగురు కూడా ఒక పరీక్షలో చూపింది ఇంకో పరీక్షలో నిలబెట్టుకోలేదు. కొట్టం మధ్యలో ఒక గీత గీసి ప్రతిసారీ అదే చూపించి ఉన్నా దాదాపు అంతే ఫలితం వచ్చేదని తేలింది.

దీని కొస ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. జేమ్స్ మెకార్మిక్ అనే బ్రిటన్ వ్యాపారి ఇదే తిరిగే తీగను ఒక ప్లాస్టిక్ పిడికి బిగించి, బాంబులను కనిపెట్టే యంత్రమని ఇరాక్‌కు అమ్మాడు. లోపల ఏమీ లేదు. చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని నమ్మి బండ్లను వదిలేశారు. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ల జైలు వేసింది. మన జిల్లాల్లో ఇప్పుడు బ్యాటరీ, మీటరు పెట్టిన తీగలను స్కానర్ అని చెప్పి తిప్పుతున్నారు. కాయ కంటే ఎక్కువ డబ్బు తీసుకుంటారు. మీటరు పెట్టినంత మాత్రాన అది సైన్సు అయిపోదు.

"మన పూర్వులు ఉత్తగనే చెప్పిండ్రా?" అనేది తర్వాతి మాట. పూర్వుల పేరు ఎత్తినప్పుడు వాళ్లు నిజంగా ఏం చెప్పారో కూడా చూడాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలం కోసం ఏకంగా ఒక అధ్యాయం రాశాడు. దేహంలో రక్తనాళాల్లా భూమిలోనూ నీటి నాళాలుంటాయన్న ఊహ అందులో ఉంది. గ్రానైటు విషయంలో అది చెల్లదు. కానీ ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం చెట్లు, పుట్టలు, మట్టి రంగు, రాళ్ల గుర్తులు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున ఎంత లోతులో తవ్వాలో చెబుతాడు. ఎవరైనా తవ్వి చూసి అవునో కాదో చెప్పగలిగే మాటలవి. తప్పయితే తప్పని తేలిపోతాయి. మన తాతలు తవ్విన మోటబావులనూ చూడండి. మొరం దాటి, పగుళ్ల బండలో కొంత దిగి, పరుపుబండ తగలగానే ఆపేశారు. ఫ్రెంచివాళ్లూ మనవాళ్లూ యంత్రాలతో కొలిచి చెప్పిన నీటి పొర లోతు దగ్గరే వాళ్ల గడ్డపారలు ఆగాయి. ఆ బావుల పైన కాకతీయుల కాలం నుంచి కట్టుకుంటూ వచ్చిన గొలుసు చెరువులు ఆ పొరను నింపాయి. పూర్వుల తెలివి కావాలంటే అక్కడ వెతకాలి. ఇక పంగకర్రతో గనులు వెతకడం యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది, 1556లోనే అగ్రికోలా అనే జర్మన్ పండితుడు దాన్ని వర్ణించి, పనికిరాదని కొట్టేశాడు. ఇందులో మన సంస్కృతికి జరిగే అవమానమేమీ లేదు.

జియాలజిస్టు పెట్టిన పాయింటు కూడా ఫెయిలవుతుంది కదా అంటారు. అవుతుంది. భూమిలోకి కరెంటు పంపి, ఏ లోతులో రాయి ఎంత అడ్డుకుంటుందో కొలవడమే ఆ సర్వే. నీళ్లున్న పగుళ్ల రాయి తక్కువ అడ్డుకుంటుంది, కానీ బంకమట్టి కూడా తక్కువే అడ్డుకుంటుంది, రెంటినీ విడదీయడం కష్టం. పది అడుగుల తేడాతో ఒక బోరు పోసి ఇంకోటి పోయకపోవడమూ గ్రానైటులో మామూలే. ఏ సర్వే కూడా నూటికి నూరు పాళ్లు హామీ ఇవ్వలేదు, ఇస్తానన్నవాడిని నమ్మొద్దు. అయితే సర్వే కాగితం మీద మొరం ఎన్ని అడుగులు, పగుళ్ల పొర ఎన్ని అడుగులు, బండ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉంటుంది. బోరు వేశాక దాంతో పోల్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడ ఆపాలో అది చెబుతుంది. కొబ్బరికాయ ఎప్పుడూ ఆగమని చెప్పదు.

అసలు దెబ్బ అక్కడే. ఐదొందలు, వెయ్యి ఇచ్చి కాయ తిప్పించుకుంటే పోయేదేముంది అనేవాళ్లు బోరు దగ్గర రాత్రిపూట నిలబడి చూడాలి. సుత్తె దిగుతుంటే మొదట ఎర్రటి మొరం పొడి లేస్తుంది. తర్వాత రాయి ముక్కలు, కొన్నిటి మీద తుప్పు రంగు మరక. నీళ్లు తిరిగిన పగులు దాటుతున్నామని ఆ మరక చెబుతుంది. పొడి తడిసి ముద్దకడితే అందరి ముఖాలూ వెలుగుతాయి. ఆ తర్వాత మరకలు మాయమై తెల్లటి పిండి రావడం మొదలవుతుంది, సుత్తె శబ్దం కూడా మారుతుంది. తాజా బండ వచ్చేసింది. అక్కడ ఆపాలి. కానీ పాయింటు పెట్టినాయన మాట ఉంది, కింద పాయ ఉందన్నాడు. ఇంకో రాడ్డు దించమంటాడు రైతు. రెండొందలు, మూడొందలు, ఐదొందల అడుగులు. తెల్లటి పిండి లేస్తూనే ఉంటుంది, అడుగు అడుగుకూ లెక్క పెరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి మిత్తికి తెచ్చిన డబ్బంతా ఆ పిండి కుప్పలో కలిసిపోయి ఉంటుంది. ఒకటి పడలేదని రెండోది, రెండోది పడలేదని మూడోది. తెలంగాణలో పురుగుమందు తాగిన రైతుల ఇళ్లకు వెళ్తే పడని బోర్ల లెక్క ఎన్నిచోట్ల వినిపిస్తుందో విలేకరులకూ తెలుసు, అధికారులకూ తెలుసు. అదంతా కొబ్బరికాయ ఒక్కదాని పాపమని నేననను. లోతున పాయ ఉందన్న ఆశను బతికించి ఉంచేది మాత్రం అదే.

లోతున అసలే నీళ్లుండవా? ఒక్కోచోట ఉంటాయి. విజయవాడ రోడ్డు మీది చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ ప్రయోగ క్షేత్రంలో దీన్నే చూశారు. నీటిమట్టం పైన ఉన్నప్పుడు పై పొర పగుళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, ఒకచోట తోడితే ఇంకోచోటి నుంచి వస్తాయి. మట్టం పడిపోయాక కింద మిగిలేవి విడివిడి గదులు. ఒక గదిలోకి బోరు దిగితే కొద్దిరోజులు జోరుగా పోస్తుంది, గది ఖాళీ అయ్యాక నింపేవాళ్లు ఉండరు. వేసినప్పుడు రెండించులు పోసి సంక్రాంతికల్లా గాలి తోడే బోర్ల కథ ఇదే. పైగా గ్రానైటుతో చాలాకాలం కలిసి ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన ఎముకలను చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

పాయింటు నమ్మకం చేసే ఇంకో కీడు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నీళ్లు ఒక రైతు పొలంలో ఒక బిందువు కింద దాగిన సొమ్మయితే, అవి ఆయన అదృష్టం, ఆయన ఇష్టం. పరుచుకుని ఉన్న ఒకే పొర అయితే అవి ఊరివి. ఒక చిన్న లెక్క వేసుకుందాం. మహేశ్వరంలో కొలిచినదాని ప్రకారం వంద లీటర్ల రాతి పొరలోంచి తోడగలిగే నీళ్లు 1.4 లీటర్లు. అంటే బోర్లలో మట్టం ఒక మీటరు దిగితే మనం వాడుకున్నది 14 మిల్లీమీటర్ల మందం నీళ్లే. యాసంగి వరికి స్థూలంగా వెయ్యి మిల్లీమీటర్లు పారించాలి. అందులో దాదాపు సగం మళ్లీ భూమిలోకి ఇంకుతుందని అక్కడే తేల్చారు. మిగిలిన 500 మిల్లీమీటర్లను ఆ మడి కిందనుంచే తీయాలంటే మట్టం 35 మీటర్లు దిగాలి. పొర మొత్తం మందమే అంత! కాబట్టి నా ఎకరం వరి నా ఎకరం కింది నీళ్లతో పండటం లేదు, చుట్టుపక్కలవాళ్ల నీళ్లతో పండుతోంది. మన దగ్గర ఏడాదికి పడే 800 మిల్లీమీటర్ల పైచిలుకు వానలో పదో వంతు ఇంకిందనుకున్నా, ఒక ఎకరం యాసంగి వరి ఆరెకరాల వానను తాగుతుంది. ఈ లెక్కను ఏ కొబ్బరికాయా మార్చలేదు. కొత్త పాయింటు దొరికిందంటే కొత్త నీళ్లు దొరికినట్టు కాదు, ఉన్న కుండలో ఇంకో గొట్టం పెట్టినట్టు.

రైతుకు ఇంత లెక్క తలకెక్కదని చాలామంది అధికారుల నమ్మకం. దాన్నీ నేను ఒప్పుకోను. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా దానికి తోడు నిలిచింది. ఊరి ఆడవాళ్లూ మగవాళ్లూ వానమాపకం చూసి రాసుకున్నారు, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచారు, వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని బోర్డు మీద లెక్క కట్టారు. ఎవరి మీదా ఆంక్షలు పెట్టలేదు, జరిమానాలు వేయలేదు. లెక్క చూశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. పథకం డబ్బు అయిపోయాక పై నుంచి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రఘునాథపల్లి మండలంలో అది మళ్లీ మొదలుపెట్టడానికి ఏ పెద్ద పరికరమూ అక్కర్లేదు. నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే ఉంది, బోర్లు, బోరు బండ్లు నమోదు కావాలని అది చెబుతోంది. ప్రతి పంచాయతీలో ఒక పుస్తకం పెట్టి, వేసిన ప్రతి బోరు వివరం రాయాలి. పడనివి కూడా. ఎన్ని అడుగుల దగ్గర మొరం అయిపోయింది, ఎన్ని అడుగుల దగ్గర మొదటి తడి, ఎక్కడ తెల్లపిండి మొదలైంది, ఎక్కడ ఆపారు, ఎవరు పాయింటు పెట్టారు. రెండు మూడేళ్లు రాస్తే ఊరి కింది రాయి చిత్రం రైతు చేతికే వస్తుంది, కాయ మాట ఎంత నిలబడిందో కూడా అందులోనే తేలుతుంది. నీళ్లు చూసే పెద్దలకు నా సవాలు కూడా అదే. ఒకే పొలంలో ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు, ఒకరి గుర్తు ఇంకొకరికి తెలియకుండా పాయింటు పెట్టండి. తర్వాత కళ్లకు గంతలు కట్టుకుని ఇంకోసారి నడిచి, మీ పాయింటు మీరే మళ్లీ పట్టండి. ఊరంతా చూస్తుంది. ఇక ఈ యాసంగికి బోరు తప్పదనుకునే రైతు బండి రాకముందే ఒక మాట ఖాయం చేసుకోవాలి. మరక లేని తెల్లపిండి వరుసగా మూడు రాడ్ల పాటు వస్తే, పాయింటు పెట్టింది ఎవరైనా సరే, సుత్తె ఆపేయాలి.